స్కిన్ టైటెనింగ్ ప్యాకేజీ, సర్జన్ ఓపీ, కోఠి బెల్టు, మా గల్లీ టైలర్: లావు తగ్గాక చర్మం వేలాడేవాళ్ళ కోసం నా రివ్యూ

ముందే మార్కులు చెప్పేస్తా, ఓపికున్నవాళ్ళు కింద చదువుకోండి. జూబ్లీహిల్స్ వైపు స్కిన్ క్లినిక్‌కి 5కి 2, అవి కూడా మిషన్ పట్టుకున్న అమ్మాయి మర్యాద చూసి. ప్లాస్టిక్ సర్జన్ ఓపీకి నాలుగున్నర. కోఠిలో కొన్న బెల్టుకి 3. నల్లకుంటలో మా గల్లీ టైలర్‌కి మాత్రం 5కి 5. క్లినిక్ పేరూ డాక్టర్ పేరూ రాయను, దయచేసి అడగొద్దు.

నేను 112 కేజీల నుంచి 73కి వచ్చా. వయసు 41, ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. ఎలా తగ్గావు, ఏం తిన్నావు అనే పురాణం ఇప్పుడు విప్పను, తగ్గాక మిగిలిపోయిన చర్మం గురించే ఇదంతా. దూది సగం తీసేసిన దిండు గలీబులా ఉంది నా పొట్ట. చెయ్యెత్తితే జబ్బ కింద ఊగుతుంది, బొడ్డు కిందకి జారి ముడుచుకుపోయింది, మెట్లు దిగుతుంటే నేను దిగిన కాసేపటికి నా పొట్ట దిగుతుంది. బట్టలేసుకుంటే ఎవరికీ తెలీదు, పైగా ఎంత సన్నబడ్డావే అంటారు. మా మేనత్తయితే పెళ్ళిలో నలుగురి ముందూ "ఏమైందే, షుగరొచ్చిందా, మొహం అట్లా పీక్కపోయింది" అంది, 112 ఉన్నప్పుడు ఏమనేదో కూడా నాకు గుర్తుంది లెండి.

సరే క్లినిక్. ఫోన్ చేసిన దగ్గర్నుంచి ఫ్రీ కన్సల్టేషన్ మేడమ్, ఫ్రీ కన్సల్టేషన్ మేడమ్ అని ఒకటే మెసేజీలు. వెళ్తే లోపల హోటల్ లాబీలా ఉంది, గ్రీన్ టీ ఇచ్చారు. వెయిటింగ్‌లో కూర్చున్నవాళ్ళ మాటల్లో సగం మౌంజారో, వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించే. 2025లో ఆ రెండు ఇంజెక్షన్లూ మన దేశంలోకి వచ్చాక ఇంతకుముందు బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకే ఉండే ఈ చర్మం బాధ ఇప్పుడు మామూలు ఆఫీసు వాళ్ళకీ వచ్చిందనిపించింది నాకు. లోపలికి పిలిచాక డాక్టర్ వస్తారేమో అనుకుంటాం కదా, రాలేదు. కౌన్సెలర్ అని ఒకావిడ వచ్చింది, చేతిలో ట్యాబ్, అందులో బిఫోర్ ఆఫ్టర్ ఫోటోలు. అవన్నీ చూస్తే ఒకటే తెలిసింది నాకు, బిఫోర్‌లో ఉన్నవాళ్ళెవరికీ నాకున్నంత చర్మం లేదు. డెలివరీ అయ్యాక కాస్త వదులైన పొట్టలు అవి. నాది వదులు కాదండీ, మడత పడి వేలాడేది. ఆ తేడా ఆవిడకి తెలీదో, తెలిసీ ఊరుకుందో.

నా పొట్ట పట్టుకుని చూడలేదు, బరువు స్థిరంగా ఉందా ఇంకా తగ్గుతున్నావా అని అడగలేదు, ఏమైనా మందులు వాడుతున్నావా అని కూడా అడగలేదు. సోఫాలో కూర్చోబెట్టి చుడీదార్ మీద నుంచే చూసి "ఎనిమిది సిట్టింగ్స్ మేడమ్, పొట్టకీ చేతులకీ కలిపి 85 వేలు, ఈరోజే కడితే 62" అంది. పైన నెలకో డబ్బా కొల్లాజెన్ పౌడర్, అంటే చర్మాన్ని గట్టిగా పట్టి ఉంచే ప్రొటీన్‌ది. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదే. ఆ పౌడర్ గురించి ఒక్క మాట. తాగిన కొల్లాజెన్ కడుపులో మిగతా ప్రొటీన్ లాగానే ముక్కలై అరుగుతుంది, అది నేరుగా వెళ్ళి మన జబ్బ కింద అతుక్కోదు. ఆ డబ్బులకి గుడ్లూ పప్పూ పెరుగూ కొనుక్కోవచ్చు. మన తార్నాకలోనే ఉన్న ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళ లెక్క ప్రకారం మామూలు పెద్దవాళ్ళకి రోజుకి కేజీ బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్. బరువు తగ్గుతున్నవాళ్ళు, ఆపరేషన్‌కి వెళ్ళబోయేవాళ్ళు ఇంకా ఎంత పెంచాలో డాక్టర్ని అడగాలి, ట్యాబ్ పట్టుకున్నావిడని కాదు.

ప్యాకేజీ తీసుకోలేదు గానీ ట్రయల్ కింద ఎడమ చేతికి ఒక సిట్టింగ్ చేయించా. ఆర్ఎఫ్ అంటారు, రేడియో ఫ్రీక్వెన్సీ. చల్లటి జెల్ పూసి ఒక గుండ్రటి హ్యాండ్‌పీస్‌తో చేతి మీద తిప్పుతూ ఉంటారు, ముందు గోరువెచ్చగా, తర్వాత కాస్త చురుక్కుమంటుంది, ఎక్కువ అనిపిస్తే వెంటనే చెప్పండి మేడమ్ అని ఆ అమ్మాయి ప్రతిసారీ అడిగి మరీ చేసింది, అందుకే ఆ 2 మార్కులు. ఎందుకంటే అజాగ్రత్తగా చేస్తే కాలుతుంది కూడా. అయిపోగానే అద్దంలో చూపించారు, నిజంగానే బిగుతుగా ఉంది, సంతోషంగా ఇంటికొచ్చా. మర్నాటికి మళ్ళీ మామూలే. వేడికి వచ్చిన వాపు అది, వాపు దిగితే బిగుతూ దిగుతుంది. అసలు ఫలితం ఉంటే అది కొత్త కొల్లాజెన్ మెల్లగా తయారై రెండు మూడు నెలలకి కనపడాలి, అదీ కొద్దిపాటి వదులుకి. హైఫూ అనే అల్ట్రాసౌండ్ మిషన్ కథా అంతే. మొహానికీ మెడకీ, కాస్త వదులైన పొట్టకీ పనికొస్తాయేమో, మిగిలిపోయిన చర్మాన్ని మాయం చేసే మిషనైతే ఇంకా రాలేదు. ఏళ్ళ తరబడి సాగిన చర్మంలో దాన్ని రబ్బరులా వెనక్కి లాగే ఎలాస్టిన్ దారాలు తెగిపోయి ఉంటాయి, వయసూ, సిగరెట్టూ, ఎన్నేళ్ళు లావుగా ఉన్నాం, ఎన్ని కేజీలు తగ్గాం, వీటన్నిటి మీదా ఆధారపడి అది వెనక్కి వస్తుందో రాదో తేలుతుంది. ఇరవై రెండేళ్ళ పిల్లకి పదిహేను కేజీలు తగ్గితే చాలామటుకు సర్దుకుంటుంది. నాకు నలభై కేజీల దాకా తగ్గాక సర్దుకోదు. ఈ మాట ఆ క్లినిక్‌లో ఎవరైనా చెప్పుంటే మార్కులు పెరిగేవి.

తర్వాత ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్ళా. వెళ్ళేముందు చూసుకోవాల్సింది బోర్డు మీద ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందా అని, తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా అని. కాస్మెటాలజిస్ట్ అని రాసుకున్న ప్రతివాళ్ళూ సర్జన్లు కాదు. నిమ్స్‌లో, ఉస్మానియాలో కూడా ప్లాస్టిక్ సర్జరీ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, ప్రైవేటే గతి అనుకోవద్దు. నేను వెళ్ళింది ప్రైవేట్‌కే, ఓపీ 800. గంటన్నర వెయిటింగ్, కుర్చీలు చాలవు, అందుకే అర మార్కు కోత.

లోపల మాత్రం పరీక్ష అంటే ఏంటో చూశా. నర్సుని పక్కన ఉంచి, నిలబెట్టి ఒకసారి, ముందుకి వంగమని ఒకసారి చూశాడు, వంగితే చర్మం ఎంత వేలాడుతుందో అసలు లెక్క తెలుస్తుందట. మడతని రెండు వేళ్ళతో పట్టుకుని, "ఇది పల్చగా ఉంది చూడమ్మా, ఇది చర్మం. ఇక్కడ పక్కన మందంగా ఉంది, ఇది ఇంకా కొవ్వే" అన్నాడు. ఇన్నాళ్ళూ మొత్తం చర్మమే అని ఏడుస్తున్నా నేను. తర్వాత పడుకోబెట్టి తల మాత్రం ఎత్తమన్నాడు, ఎత్తితే బొడ్డు పైన మధ్యలో ఒక గట్టులా పొంగింది. కాన్పులకీ లావుకీ కలిపి పొట్ట కండరాలు రెండూ పక్కకి జరిగిపోయాయట, డయాస్టాసిస్ అంటారు. ఎంత తగ్గినా ఐదో నెల కడుపులా ఎందుకుందో అప్పుడు అర్థమైంది. దాన్ని ఏ ఆర్ఎఫ్ మిషనూ దగ్గరికి లాగదు, టమ్మీ టక్‌లో, అంటే వేలాడే చర్మం కోసి తీసేసే పొట్ట ఆపరేషన్‌లో అయితే లోపల కుట్లు వేసి లాగుతారు.

ఆ ఆపరేషన్ గురించి కూడా తీపి మాటలేం చెప్పలేదు. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా మచ్చ ఉంటుంది, జీవితాంతం ఉంటుంది, కాకపోతే లోదుస్తుల కింద దాగేలా పెడతారు. పాత సిజేరియన్ గీత మటుకు చాలావరకు తీసేసే చర్మంతోపాటే పోతుంది. బొడ్డుకి కొత్త చోటు చేస్తారు. కొన్ని రోజులు లోపలి నీరు బయటికి తీసే డ్రెయిన్ పైపులు ఉండొచ్చు, ఆరు వారాల దాకా బరువులెత్తకూడదు, పొట్టని బిగించి పట్టే కంప్రెషన్ గార్మెంట్ వేసుకోవాలి. లోపల నీరు చేరడం, కుట్లు సరిగ్గా మానకపోవడం, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం లాంటి రిస్కులన్నీ అడక్కముందే చెప్పాడు. సిగరెట్ తాగేవాళ్ళయితే కనీసం నాలుగు వారాల ముందు మానాల్సిందే, లేకపోతే చర్మం అంచులు చచ్చిపోవచ్చు. మౌంజారో, వెగోవీ లాంటి ఇంజెక్షన్లు వాడేవాళ్ళు మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలట, వాటివల్ల కడుపు ఖాళీ అవడం లేటవుతుంది, మత్తులో వాంతి వస్తే ప్రమాదం. ఇది రాసిపెట్టుకోండి.

అన్నీ చెప్పి చివరికి "ఇప్పుడు చెయ్యనమ్మా" అన్నాడు! బరువు కనీసం ఆరు నెలలు ఒకేచోట నిలబడాలి, నాది ఇంకా నెలకి కేజీ కేజీన్నర దిగుతోంది. బేరియాట్రిక్, అంటే బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్ళయితే ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలట. ఈలోపు హిమోగ్లోబిన్, ప్రొటీన్, బీ12, విటమిన్ డీ చూపించుకోమని రాశాడు, బాగా తగ్గినవాళ్ళకి ఇవి పడిపోయి ఉంటే గాయం మానదు. డంబెల్స్ మొదలుపెట్టమన్నాడు, కండ పెరిగితే చేతుల్లో కొంత నిండుతుంది, చర్మం తగ్గదు గానీ తేడా తెలుస్తుంది. 800 తీసుకుని రెండు లక్షల పని వద్దన్న మనిషి, ఈ ఊళ్ళో!

డబ్బు సంగతి. పొట్ట ఒక్కదానికే నాకు చెప్పింది రెండు లక్షల పైన, అందానికి చేసే సర్జరీ కాబట్టి 18 శాతం జీఎస్టీ అదనం, చేతులకి వేరే లెక్క. ఇన్సూరెన్స్ అడిగితే, ఇన్సూరెన్స్ కంపెనీలకి రూల్స్ పెట్టే ఐఆర్‌డీఏఐ చెప్పిన స్టాండర్డ్ మినహాయింపుల్లోనే కాస్మెటిక్ సర్జరీ ఉంది, యాక్సిడెంటో కాలిన గాయాలో క్యాన్సరో అయితే తప్ప, లేదా ఆరోగ్యానికి నేరుగా ముప్పు ఉందని చూసే డాక్టర్ సర్టిఫై చేస్తే తప్ప ఇవ్వరు. అందుకే మడతలో రాష్ వచ్చిన ప్రతిసారీ చూపించుకుని ప్రిస్క్రిప్షన్లు దాచమన్నాడు. ఇస్తారని గ్యారంటీ లేదు, కాగితం లేకపోతే అసలు అడగలేం కదా.

రాష్ అన్నా కదా, మన ఏప్రిల్ మే ఎండల్లో ఇది నరకం. మడత లోపల చెమట పట్టి, ఒరుసుకుపోయి, ఎర్రగా అయి వాసన కూడా వస్తుంది, ఎవరికీ చెప్పుకోలేం. మెడికల్ షాపులో అడగ్గానే మూడు మందులు కలిపిన ట్యూబొకటి చేతిలో పెడతారు, అది మాత్రం కొనకండి. అందులో స్టెరాయిడ్ ఉంటుంది, రెండు రోజులు హాయిగా ఉండి తర్వాత ఫంగస్ ఇంకా ముదురుతుంది, ఎక్కువ వాడితే చర్మం పల్చబడుతుంది, ఉన్న చర్మం బాధకి ఇదొకటి. స్కిన్ డాక్టర్ రాసిన స్టెరాయిడ్ లేని ఫంగస్ క్రీమే వాడా. రోజూ చేసేది మటుకు చాలా చిన్న పని, స్నానమయ్యాక రుద్దకుండా మెత్తగా అద్ది, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరనిచ్చి, పాత కాటన్ చీర చింపి ఉతికిన గుడ్డ మడతలో పెట్టుకోవడం. సగం రాష్ దానితోనే ఆగింది.

కోఠి బెల్టు సంగతి. ఉస్మానియా మెడికల్ కాలేజీ వైపు సర్జికల్ షాపుల్లో అబ్డామినల్ బెల్టులు వేలాడదీసి ఉంటాయి, నాకు 650 పడింది, బేరం ఆడితే ఇంకో యాభై తగ్గేదేమో. నడిచేటప్పుడు పొట్ట ఊగదు, నడుము లాగదు, మెట్రోలో నిలబడటం సులువైంది. కానీ షాపతను "వేసుకుంటే చర్మం బిగుస్తది మేడమ్" అన్నాడు చూడండి, అది అబద్ధం. తీసేస్తే ఎక్కడి పొట్ట అక్కడే. పైగా ఎక్కువసేపు పెట్టుకుంటే లోపల చెమట. ఇప్పుడు దాన్ని పక్కన పడేసి ఎత్తు నడుము ఉన్న కాటన్ షార్ట్స్ చీర కింద వేసుకుంటున్నా, తొడలు కూడా ఒరుసుకోవు. స్వెట్ బెల్టులని నల్లవి అమ్ముతారు, వాటి జోలికి వెళ్ళొద్దు, రాష్ తప్ప ఏం రాదు.

ఇక టైలర్. పాత ఆది జాకెట్టు ఇచ్చి దీన్ని నాలుగంగుళాలు తగ్గించు అన్నా. ఆయన దాన్ని పక్కన పెట్టేసి "ఆది పనికిరాదక్కా, ఒళ్ళు మారింది, కొత్తగా కొలవాలె" అన్నాడు. చెయ్యి దించి ఒకసారి, ఎత్తి ఒకసారి కొలిచాడు, దించినప్పుడు సన్నగా, ఎత్తినప్పుడు కింద చర్మంతో కలిపి ఎక్కువ, రెంటికీ మధ్య పెట్టి మోచేతి దాకా చెయ్యి కుట్టాడు, చంక దగ్గర పైకి తీశాడు, లైనింగ్ మెత్తటి కాటన్‌ది వేశాడు. ఇంకా తగ్గుతాననుకుని లోపల మార్జిన్ వదిలి "మళ్ళా రా అక్కా, పట్టిస్తా" అన్నాడు. నా చేతుల గురించి ఒక్క ప్రశ్న లేదు, ఒక్క సలహా లేదు. లైనింగ్‌తో 550.

బరువు నిలబడితే సంక్రాంతి దాటాక మళ్ళీ సర్జన్ దగ్గరికి వెళ్తా, పొట్ట వరకే, చేతులు ఈ జాకెట్లతో గడిచిపోతాయి. మీరు ఏ క్లినిక్‌కి వెళ్ళినా చర్మం చేత్తో పట్టుకుని చూడకుండా రేటు చెప్తే గ్రీన్ టీ తాగి వచ్చేయండి. సర్జన్ల ఓపీలకి పొద్దున్నే టోకెన్ తీసుకోండి, నేను వెళ్ళినచోట పార్కింగ్ అస్సలు లేదు, మెట్రో దిగి ఆటోలో వెళ్ళడమే నయం.