సెకండ్ హ్యాండ్ ఫ్యామిలీ టెంట్: రంగు కాదు, లోపలి పూత చూసి కొనండి

లక్నవరం, బొగత, పాకాల లాంటి చోట్లకు పిల్లలతో వెళ్లి ఒక రాత్రి ఆరుబయట గడపాలంటే నలుగురు పట్టే రెండు పొరల టెంట్ (లోపల ఒక గుడారం, దాని మీద వాన ఆపే పై కప్పు) కావాలి. కొత్తది మధ్యతరగతి ఇంటికి బరువే. ఓఎల్‌ఎక్స్‌లోనూ ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనూ ఒకట్రెండుసార్లు వాడి సజ్జ ఎక్కించిన టెంట్లు అమ్మకానికి పెడుతుంటారు. మంచి బేరమే, కాకపోతే షరతు ఉంది. లోపలి పూత, టెంట్‌ను నిలబెట్టే పోల్స్ బాగుంటే మిగతా మరమ్మతులన్నీ వరంగల్‌లోనే అయిపోతాయి. పూత పోయిన టెంట్‌ను ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

టెంట్ గుడ్డ పాలిస్టర్. అది దానంతట అది నీళ్లను ఆపదు. లోపలివైపు పూసిన పాలీయురెథేన్ పొర ఆపుతుంది. ఈ పొరకు తేమ, వేడి రెండూ పడవు. తడి ఆరకుండా మడిచి, మే ఎండకు కాలే స్లాబు కింద సజ్జ మీద పెడితే పూత మెల్లగా విరిగిపోతుంది. మొదట జిగురవుతుంది, తర్వాత పెచ్చులుగా రాలుతుంది. అందుకే సంచి మూతి విప్పగానే ముందు వాసన చూడండి. పులిసిన వాంతి వాసన వస్తే పూత పాడైనట్టే. మడతలు విప్పుతుంటే గుడ్డకు గుడ్డ అంటుకొని చర్రుమని ఊడివస్తున్నా అంతే. బొటనవేలితో లోపలివైపు గట్టిగా రుద్ది చూడండి, తెల్లటి పొట్టు వేలికి అంటితే అక్కడితో ఆ బేరం వదిలేయండి. ‘ఉతికితే పోతుంది’ అని అమ్మేవాళ్లు అంటారు. ఉతికితే మిగిలిన పూత కూడా పోతుంది. షాపుల్లో దొరికే వాటర్‌ప్రూఫ్ స్ప్రే గుడ్డ పైవైపు నీటిబొట్లు జారిపోవడానికి పనికొస్తుంది తప్ప లోపలి పూత పని చేయదు.

బూజు సంగతి వేరు. మట్టి వాసన, నల్ల చుక్కలు ఉండి, పూత మాత్రం గట్టిగా ఉంటే ధర తగ్గించమని అడిగి తీసుకోవచ్చు. చుక్కలు పూర్తిగా పోవు, వాడకానికి మాత్రం అడ్డం రావు.

సంచి మీద 2000 ఎం.ఎం. అనో 3000 ఎం.ఎం. అనో రాసి ఉంటుంది. అంత ఎత్తు నీటి ఒత్తిడిని గుడ్డ ఆపుతుందని దానర్థం. కానీ అది కొత్తగా ఉన్నప్పటి లెక్క. నేల షీటును మీరే పరీక్షించాలి. బాగా తడిపిన గుడ్డను షీటు కింద పరిచి, పైనుంచి మోకాలు మోపి ఒక నిమిషం బరువంతా వేయండి. మోకాలి కింద చెమ్మ తగిలితే నేల పోయినట్టు. తర్వాత ఒకరు లోపలికి వెళ్లి ఎండవైపు చూస్తే చిల్లులు చుక్కల్లా మెరుస్తాయి. ఒకే వరసలో సమాన దూరంలో మూడు నాలుగు చిల్లులు కనబడితే అవి ఎలుక పని. మడిచి ఉన్నప్పుడు ఒక్కచోట కొరికితే విప్పాక ప్రతి మడతలోనూ చిల్లు తేలుతుంది. చిన్నవైతే అతుకు వేయొచ్చు.

కుట్ల లోపలివైపు పారదర్శకమైన టేపు ఉంటుంది. అది అక్కడక్కడ లేస్తే భయం లేదు. లేచిన ముక్క తీసేసి, స్పిరిట్‌తో తుడిచి, పాలీయురెథేన్ సీమ్ సీలర్ (కుట్లను మూసే జిగురు) పలచగా పూసి రాత్రంతా ఆరనివ్వాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే సిలికాన్ పేస్టు పూయొద్దు. పాలీయురెథేన్ పూత మీద అది సరిగా పట్టదు, ఊడిపోయాక దాని మీద ఇంకేదీ అంటదు.

పోల్స్ చాలా టెంట్లకు ఫైబర్‌గ్లాస్‌వే. అవి ఎక్కువగా రెండు ముక్కలు కలిసే ఇనుప గొట్టం అంచు దగ్గర నిలువునా చీలుతాయి. ఆ చీలిక కంటికి ఆనదు. పాత కాటన్ గుడ్డను పోల్ చుట్టూ పట్టి ఈ చివర నుంచి ఆ చివరకు లాగండి. చీలిక ఉన్నచోట దారం పట్టుకుంటుంది. చేత్తో తడమొద్దు, గాజు నార చర్మంలో దిగితే తీయడం కష్టం. ఒకట్రెండు ముక్కలే పోతే అదే మందం ముక్క వేయించుకోవచ్చు. 7.9, 8.5, 9.5 మిల్లీమీటర్లలో ఏదో వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరం) కొలవాలి, అందాజాగా తెస్తే గొట్టంలో దూరదు. యాక్సా బ్లేడుతో కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. లోపలి ఎలాస్టిక్ సాగిపోయి ముక్కలు వేలాడుతుంటే తాడు మార్చితే చాలు, మూడు మిల్లీమీటర్ల ఎలాస్టిక్ సరిపోతుంది. అన్ని పోల్స్‌లోనూ చీలికలుంటే ఎండకు పాడైపోయినట్టే, ఆ టెంట్ వద్దు.

జిప్ మూసినా వెనకాలే విడిపోతుంటే తప్పు పళ్లది కాదు, రన్నర్‌ది. కటింగ్ ప్లేయర్‌తో రెండు పక్కలా కొద్దిగా నొక్కితే చాలాసార్లు సరవుతుంది. లేకపోతే రన్నర్ వెనక ఉన్న నంబర్ చూసి కొత్తది వేయించాలి. బ్యాగులు, సీటు కవర్లు కుట్టేవాళ్లు వేసిస్తారు. నూనె పెట్టొద్దు, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. కొవ్వొత్తి రుద్దండి.

ఫొటో చూసి డబ్బు పంపొద్దు. అమ్మేవాళ్ల డాబా మీదో వాకిట్లోనో టెంట్ పూర్తిగా నిలబెట్టించండి. చెంబుతో నీళ్లు కుట్ల మీద పది నిమిషాలు పోసి, లోపల మూలలు తడమండి. పై కప్పును నడినెత్తి దగ్గర రెండు చేతులతో పట్టి గుంజండి. ఎండకు చివికిన గుడ్డ అక్కడే చిరుగుతుంది. ఇందుకు ఒప్పుకోనివాళ్ల దగ్గర కొనకపోవడమే మంచిది.

ఏ రకం తీసుకోవాలి? మా ఓటు గుమ్మటం ఆకారానికి. మేకులు దిగకపోయినా తనంతట తాను నిలబడుతుంది. సొరంగం ఆకారంవి లోపల విశాలంగా ఉంటాయి, కానీ మేకులు, తాళ్లు లేకుండా నిలవవు. మేడారం జాతరలో పక్కపక్కనే గుడారాలు పడేచోట తాళ్లు కట్టడానికి జాగా ఉండదు. విసిరితే తెరుచుకునే ఒక్క పొర టెంట్లు చవకే, కానీ జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో ఊపిరి తేమ గుడ్డకు పట్టి పొద్దున్నే పక్కల మీద కారుతుంది. రెండు పొరల టెంట్‌లో అదే తేమ పై కప్పు లోపలివైపే ఉండిపోతుంది. దాన్ని చూసి టెంట్ కారుతోందనుకోవద్దు, గాలి కిటికీలు తెరిచి ఉంచండి.

నలుగురికి అని రాసి ఉంటే తలుపు నుంచి గోడ దాకా నలుగురు ఆనుకొని పడుకోవచ్చని అర్థం. దంపతులు, ఇద్దరు చిన్నపిల్లలు, రెండు బ్యాగులకు అది సరిపోతుంది. నాయనమ్మో తాతో వస్తే ఆరుగురిది, అందులోనూ మనిషి నిలబడే ఎత్తు ఉన్నది తీసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వంగి దూరలేరు.

పాత టెంట్‌తో వచ్చే సన్నటి మేకుల్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఎండాకాలం నల్లరేగడిలో అవి వంగిపోతాయి. ఎనిమిది మిల్లీమీటర్ల ఇనుప కడ్డీని జానెడున్నర ముక్కలు కోయించి, తల వంచి తీసుకెళ్లండి. వాగు ఇసుకలో ఏ మేకూ నిలవదు. యూరియా సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి పాతిపెడితే కదలవు. ఏటూరునాగారం అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా టెంట్ వేయకూడదు. చలికి బొగ్గుల కుంపటిని టెంట్‌లో పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కారు వెనక లాక్కెళ్లే ట్రెయిలర్ టెంట్ ఎవరైనా చూపిస్తే పైవన్నీ చూశాక కింద కూడా చూడాలి. ఇరుసు దగ్గర తుప్పు, చక్రాల బేరింగుల ఊపు, టైరు పక్కన నాలుగంకెల తేదీ. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందన్నమాట. గాడులు అరగకపోయినా ఏళ్లు దాటిన టైరు పగుళ్లిస్తుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రెయిలర్ కూడా వాహనమే, దానికి విడిగా ఆర్‌సీ ఉండాలి. అది లేకపోతే ధర ఎంత తక్కువైనా వదిలేయండి. ఒక్క కుటుంబానికి ఏడాదికి రెండు మూడు రాత్రుల కోసం అంత సరంజామా అక్కర్లేదని మా అభిప్రాయం.

ధర విషయానికొస్తే, అడిగిన మొత్తానికి సీలర్, పోల్ ముక్కలు, రన్నర్, కడ్డీల ఖర్చు కలిపి చూడండి. ఆ మొత్తం అదే సైజు కొత్త టెంట్ ధరలో సగం లోపు ఉంటే తీసుకోండి. సగం దాటితే గ్యారంటీతో కొత్తదే కొనండి.