అన్ని దారులకీ ఒక్కటే బండి: 130 ఎంఎం ట్రైల్ బైక్, చాలాకాలం తొక్కాక

నా దగ్గర ఉన్నది 29 అంగుళాల చక్రాల ఫుల్ సస్పెన్షన్ ట్రైల్ బైక్, అంటే ముందూ వెనకా కుదుపులు మింగే సస్పెన్షన్ ఉన్న, మట్టి దారుల్లో రాళ్ల దారుల్లో తొక్కే సైకిల్. ముందు 140, వెనక 130 ఎంఎం ట్రావెల్ (సస్పెన్షన్ మీద చక్రం పైకీ కిందికీ కదలగలిగే దూరం), అల్యూమినియం ఫ్రేమ్, పెడల్స్‌తో కలిపి 14 కిలోల పైచిలుకు. మోడల్ పేరు చెప్పి పెద్ద లాభం లేదు, ఏడాదికోసారి పేర్లూ రంగులూ మారుస్తూనే ఉంటారు, ఈ కొలతల బండ్లు ఇప్పుడు చాలా కంపెనీల దగ్గర దొరుకుతున్నాయి. నేను తిరిగే దారులకి మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ పోలికే ఉండదు. ఒకటి గట్టి మట్టిలో మెలికలు తిరుగుతూ సాఫీగా పోతుంది, ఒకటి ఎంతకీ అయిపోని ఎక్కుడు, ఒకటి పొడుగునా బండరాళ్లూ వేర్లూ, ఇంకోటి పొడిగా ఉంటే గులకరాళ్లు, వాన పడితే జారుడుబల్ల. దారికొక బండి పెట్టుకోగలిగినవాళ్లకి ఈ సమీక్షతో పనిలేదు.

బైక్ కొనేవాళ్లు ముందు అడిగేది ట్రావెల్ ఎంత అని. ఎక్కువ ఉంటే మంచిదే కదా అనుకుంటారు, అది నిజం కాదు. మా ఫ్రెండ్ దగ్గర 170 ఎంఎం ఎండ్యూరో బైక్ (కఠినమైన దిగుడుల కోసం చేసిన రకం) ఉంది, అప్పుడప్పుడు మార్చుకుని తొక్కుతుంటాం. బండరాళ్ల దిగుడులో అది నిజంగా దున్నుకుంటూ పోతుంది, అక్కడ నా బండి దాని వెంట పడలేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ అదే బండిని సాఫీ మట్టి దారిలోకి తెస్తే బద్ధకంగా తయారవుతుంది, ఎంత తొక్కినా సగం బలం సస్పెన్షన్ మింగేస్తోందేమో అనిపిస్తుంది, మలుపులో ఇటు నుంచి అటు వాల్చడానికి కూడా బలం పెట్టాలి. అటు చివర 100, 120 ఎంఎం క్రాస్ కంట్రీ బండ్లు కూడా తొక్కా, ఎక్కుడులో వాటికి తిరుగులేదు, కాకపోతే దిగుడులో రాయి కనబడిన ప్రతిసారీ చేతులు బిగుసుకుపోతాయి. మన దారుల్లో అన్నిటికంటే భయంకరమైన దాన్ని తలుచుకుని బైక్ ఎంచుకుంటాం, తీరా చూస్తే వారమంతా తొక్కేది వేరే దారి. కష్టమైన దారిలో కాస్త నెమ్మదిగా పోతే సరిపోతుంది, రోజూ పోయే దారిలో బోర్ కొట్టే బండి ఉంటే మాత్రం కొన్నాళ్లకి బయటికి తీయబుద్ధి కాదు.

ట్రావెల్ కన్నా కోణాలు చూసుకోండి. నా దాని హెడ్ యాంగిల్ (ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ నేలతో చేసే కోణం) 65.5 డిగ్రీలు, సీట్ ట్యూబ్ (సీటు కింది గొట్టం) కోణం 76. ఫోర్క్ ఎంత వాలుగా ఉంటే దిగుడులో అంత నిలకడ, అదే నెమ్మదిగా ఎక్కేటప్పుడు మాత్రం హ్యాండిల్ అటూ ఇటూ పడిపోతుంటుంది. ఇంకా వాలుగా ఉండే 64 దగ్గర ఈ తేడా నాకు బాగా తెలిసింది, 65.5 లో పెద్దగా ఇబ్బంది లేదు. సీట్ ట్యూబ్ నిటారుగా ఉండటం వల్ల ఎక్కుడులో బరువు ముందుకి పడుతుంది, ముందు చక్రం గాల్లోకి లేవదు. చదును దారిలో ఎక్కువసేపు తొక్కితే అరచేతుల మీద భారం పడుతుంది, అదొక్కటే చిరాకు.

గేర్ల గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. షిమానో డియోర్ 12 స్పీడ్, వెనక 10 నుంచి 51 పళ్ల దాకా చక్రాలు, ముందు 32 పళ్ల చైన్‌రింగ్ ఒక్కటే. ఎంత నిట్టనిలువు ఎక్కుడుకైనా ఆ 51 చాలు. తారు రోడ్డు మీద గంటకి 40 కిలోమీటర్లు దాటితే కాళ్లు ఊరికే గిరగిరా తిరుగుతాయి, కానీ దీన్ని రోడ్డు కోసం ఎవరు కొంటారు. డ్రాపర్ పోస్ట్ (మీట నొక్కితే దిగే, లేచే సీటు కడ్డీ) లేని బండి మాత్రం కొనొద్దు, మిట్టపల్లాలు మారినప్పుడల్లా సీటు కిందికీ పైకీ అనుకోవడం ఒకసారి అలవాటైతే అది లేని బండి తొక్కలేం.

అసలు విషయం టైర్లు. ఒకే బండి నాలుగు రకాల దారులకి సరిపోతోందంటే సగం పుణ్యం వీటిదే. ముందు 2.5 అంగుళాల పెద్ద గుబ్బల టైరు, వెనక 2.4 చిన్న గుబ్బలది పెట్టా. ముందు చక్రం జారితే నేరుగా కింద పడతాం, వెనకది జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు, అందుకే పట్టు ముందుకీ పరుగు వెనక్కీ. వాన మొదలవగానే వెనక కూడా గుబ్బలది ఎక్కిస్తా, ఎక్కుడు కొంచెం బరువవుతుంది, కానీ తడి వేర్ల మీద బ్రేక్ వేస్తే చక్రం నిలబడుతుంది. ట్యూబ్‌లెస్ చేయించుకున్నాక గాలి ముందు 22, వెనక 25 పీఎస్ఐ, నా బరువు 75 కిలోలకి ఇది బాగా కుదిరింది. బండరాళ్ల రోజు వెనక ఒకటి రెండు పెంచుతా, లేకపోతే రిమ్ముకి రాయి తగులుతుంది. ట్యూబ్‌లెస్ కదా అని మర్చిపోకండి, లోపల పోసిన సీలెంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) కొన్ని నెలల్లో ఎండిపోతుంది, వేసవిలో ఇంకా తొందరగా, అది ఎండిందని తెలిసేది దారి మధ్యలో ముల్లు గుచ్చుకున్నప్పుడే.

సస్పెన్షన్ కూడా అంతే, బండి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే తొక్కి బాగోలేదు అనేవాళ్లని చాలామందిని చూశా. షాక్ పంప్ (సస్పెన్షన్‌లో గాలి నింపేది) కొనుక్కోండి, సామాను అంతా వేసుకుని బండి మీద కూర్చుంటే వెనకున్న షాక్ ఎంత కుంగుతోందో చూడండి. నా షాక్ స్ట్రోక్ (షాక్ మొత్తం కుంగగలిగే దూరం) 50 ఎంఎం, అందులో 14 కుంగేలా గాలి పెట్టా, అంటే 28 శాతం. సాఫీ దారికి 25 శాతం, రాళ్లకి 30, ఇంతకు మించి గెలకక్కర్లేదు. ఆ తర్వాత రీబౌండ్ (కుంగిన సస్పెన్షన్ తిరిగి లేచే వేగం), మరీ వేగంగా ఉంటే గెంతుతుంది, మరీ నెమ్మదైతే వరసగా రాళ్లు తగిలినప్పుడు పైకి లేచే టైం లేక లోపలికి దిగిపోతుంది. దిగుడులో సస్పెన్షన్ అడుక్కి తగులుతుంటే గాలి పెంచేయకండి, లోపల ఒక స్పేసర్ (గాలి ఉండే చోటుని తగ్గించే ముక్క) వేస్తే మొదట్లో మెత్తగానే ఉండి చివర్లో గట్టిపడుతుంది. నాకు ఫోర్క్‌లో ఒకటి వేశాక పెద్ద గుంటల దగ్గర ఇక భయం పోయింది.

బ్రేకులు నాలుగు పిస్టన్లవే, ముందు డిస్క్ 180 నుంచి 203 కి మార్చా, ఫోర్క్‌కి అది వేయొచ్చో లేదో ముందు చూసుకోండి. రెసిన్ ప్యాడ్లు సద్దు చేయవు, కానీ పొడుగు దిగుడులో వేడెక్కి పట్టు తగ్గుతుంది, బురదలో ఇట్టే అరిగిపోతాయి. మెటల్ ప్యాడ్లు అరుస్తాయి, అయినా నా ఓటు వాటికే.

ఇక నచ్చనిది. ఫుల్ సస్పెన్షన్ అంటే వెనక బోలెడు కీళ్లు, కీలుకో బేరింగ్, బురద తిని తిని కిర్రుమంటూనే ఉంటాయి. ఆ శబ్దం ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడం ఒక పెద్ద తలనొప్పి, పెడల్ అనుకుంటాం, సీటు అనుకుంటాం, చివరికి ఏదో మూల పివట్ బోల్టు వదులు. ప్రెషర్ వాషర్‌తో కడిగితే గ్రీజు కొట్టుకుపోయి ఇంకా పాడవుతుంది, మామూలు నీళ్లూ బ్రష్షూ చాలు. ఫోర్క్ కింది భాగం ఆయిల్ మార్చడం 50 గంటలకోసారని చాలా మాన్యువల్స్‌లో ఉంటుంది, వారాంతాలు గట్టిగా తొక్కేవాళ్లకి అది ఊరికే వచ్చేస్తుంది. 12 స్పీడ్ చైన్ 0.5 శాతం సాగగానే మార్చాలి, బద్ధకిస్తే క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) కూడా తినేస్తుంది. ఈ పనులేవీ ఇష్టంలేనివాళ్లూ, దారులు ఎక్కువగా సాఫీగా ఉన్నవాళ్లూ మంచి హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని బండి) తీసుకోండి, ఆ డబ్బుకి మెరుగైన బ్రేకులూ ఫోర్కూ వస్తాయి.

ఫ్రేమ్‌కి యూడీహెచ్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే, వేర్వేరు కంపెనీల బండ్లకి ఒకటే సరిపోయే ముక్క) ఉందో లేదో కూడా చూడండి, విడిభాగాల కంపెనీ స్రామ్ 2019 లో తెచ్చింది, ఇప్పుడు చాలా కంపెనీలు వాడుతున్నాయి. రాయి తగిలితే డిరైలర్ బదులు వంగేది ఆ చిన్న ముక్కే, స్పేర్ ఒకటి బ్యాగులో పడేసుకోవచ్చు.

సైజు రెండిటి మధ్య ఊగుతుంటే సీటు మీద కూర్చుని తేల్చకండి, పెడల్స్ మీద నిలబడి మోచేతులు బయటికి వంచి చూడండి, రీచ్ (పెడల్స్ ఇరుసు నుంచి హ్యాండిల్ వైపు ఫ్రేమ్ పొడుగు) కొలత పనికొచ్చేది అప్పుడే. మెలికల దారులు ఎక్కువైతే చిన్న సైజు, వేగంగా నేరుగా దిగేవి ఎక్కువైతే పెద్దది. స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టుకునే ముక్క) మార్చి సర్దుకుందాం అంటారు గానీ 10 ఎంఎం అటూ ఇటూ అయితే పర్లేదు, అంతకంటే ఎక్కువ మార్చాల్సి వస్తోందంటే ఆ సైజు మీది కాదు.