ఇంగ్లండ్‌లో తొలి కాన్పు: బర్త్ సెంటరా, లేబర్ వార్డా, పుట్టిల్లా?

ఇంగ్లండ్‌లో తొలిసారి గర్భవతి అయిన మన అమ్మాయిలను ముందుగా కంగారుపెట్టేది డాక్టరు కనబడకపోవడం. జీపీ, అంటే మన పేరు నమోదై ఉండే స్థానిక డాక్టరు, దగ్గరికి కూడా వెళ్లనక్కర్లేదు. దగ్గర్లోని ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రి వెబ్‌సైట్‌లో ఫారం నింపితే పదో వారంలోపు బుకింగ్ అపాయింట్‌మెంట్ వస్తుంది. అక్కడ కలిసేది మిడ్‌వైఫ్, అంటే కాన్పులు చేయడానికే ప్రత్యేకంగా శిక్షణ పొందిన నిపుణురాలు. అంతా సవ్యంగా ఉంటే తొలి కాన్పుకి పది దాకా అపాయింట్‌మెంట్లు ఉంటాయి, దాదాపు అన్నీ మిడ్‌వైఫ్‌లతోనే. మామూలుగా స్కాన్లు రెండే, 12 వారాలప్పుడు ఒకటి, 20 వారాలప్పుడు ఒకటి. తరచూ స్కాన్‌లు తీయించే హైదరాబాద్, విజయవాడ పద్ధతికి అలవాటుపడ్డ అమ్మలూ అత్తలూ ఫోన్‌లో "అదేంటే, డాక్టరు ఒక్కసారైనా చూడలేదా?" అని గాభరా పడతారు. చూడలేదంటే చూడాల్సినంత ఇబ్బంది ఏదీ లేదని అర్థం.

మిడ్‌వైఫ్ అడిగే వాటిలో "కాన్పు ఎక్కడ అనుకుంటున్నారు?" అనే ప్రశ్న ఒకటి. జవాబు వెంటనే చెప్పక్కర్లేదు, చెప్పినా తర్వాత మార్చుకోవచ్చు. దారులు నాలుగు: ఆసుపత్రిలో డాక్టర్లుండే లేబర్ వార్డు, అదే ఆవరణలో మిడ్‌వైఫ్‌లే నడిపే బర్త్ సెంటర్, ఆసుపత్రికి దూరంగా విడిగా ఉండే బర్త్ సెంటర్, సొంత ఇల్లు. మనవాళ్లకి ఐదోది కూడా ఉంది, ఏడో నెలలో పుట్టింటికి వెళ్లిపోవడం. నార్మల్ డెలివరీ కోరుకునేవాళ్లు ఆహారం, యోగా గురించి ఎంత ఆలోచిస్తారో ఈ చోటు గురించి కూడా అంతే ఆలోచించాలి. ఏ ఇబ్బందీ లేని తొలి కాన్పుకి నా ఓటు లేబర్ వార్డు ఉన్న ఆవరణలోనే ఉండే బర్త్ సెంటర్‌కి.

సొంత ఇంటి సంగతి ముందే తేల్చేద్దాం. 2011లో వచ్చిన బర్త్‌ప్లేస్ అధ్యయనం ఇంగ్లండ్‌లో పెద్దగా రిస్క్ లేని 64 వేలకు పైగా కాన్పులను పరిశీలించింది. తొలి కాన్పు ఇంట్లో అనుకున్నవాళ్లలో బిడ్డకు తీవ్రమైన సమస్య వచ్చినవి వెయ్యికి 9.3 ఉంటే, లేబర్ వార్డు అనుకున్నవాళ్లలో 5.3. రెండూ చిన్న అంకెలే, కానీ తేడా ఉంది. పైగా ఇంట్లో అనుకున్న తొలిచూలు తల్లుల్లో నూటికి 45 మందిని నొప్పుల మధ్యలోనో, కాన్పయిన వెంటనేనో ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. అద్దె ఫ్లాటు, మూడో అంతస్తు, అర్ధరాత్రి అంబులెన్సు కోసం ఎదురుచూపులు... తొలి కాన్పుకి ఈ టెన్షన్ ఎందుకు? రెండో కాన్పుకి వచ్చేసరికి బిడ్డల విషయంలో ఆ తేడా కనబడలేదు కాబట్టి అప్పుడు ఆలోచించవచ్చు. విడిగా ఉండే బర్త్ సెంటర్లలో బిడ్డల క్షేమం విషయంలో లేబర్ వార్డుతో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే తొలి కాన్పుల్లో నూటికి 36 మందిని అక్కడి నుంచి కూడా తరలించారు, అదీ రోడ్డు మీదుగా.

ఒకే ఆవరణలో ఉన్న రెండు

అసలు పోటీ లేబర్ వార్డుకీ, దాని పక్కనో పై అంతస్తులోనో ఉండే బర్త్ సెంటర్‌కీ మధ్యనే. అదే అధ్యయనం ప్రకారం తొలి కాన్పుల్లో బిడ్డల క్షేమం విషయంలో ఈ రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తల్లుల విషయంలో ఉంది. బర్త్ సెంటర్ ఎంచుకున్న వెయ్యి మందిలో 765 మందికి బిడ్డను బయటికి లాగే ఫోర్సెప్స్, వాక్యూమ్ లాంటివేవీ లేకుండా నార్మల్ డెలివరీ అయింది, లేబర్ వార్డు ఎంచుకున్నవాళ్లలో 688 మందికి. సిజేరియన్లు 76, 121. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మందు) తీసుకున్నవాళ్లు 240, 349. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో కూడా సిజేరియన్లు బాగా పెరిగాయి కాబట్టి ఈ అంకెలు ఇవాళ్టికి అచ్చంగా సరిపోవు. మొగ్గు ఎటు ఉందో చూసుకోవడానికే పనికొస్తాయి.

మొగ్గు ఎందుకు అటుందో గది చూస్తే అర్థమవుతుంది. బర్త్ సెంటర్ గదిలో గోరువెచ్చని నీళ్ల తొట్టి, పెద్ద బంతి, చాపలు, తగ్గించుకోగల లైట్లు ఉంటాయి. మంచం ఓ మూలకి ఉంటుంది. మిడ్‌వైఫ్ చేతిలో పట్టుకునే డాప్లర్‌తో పావుగంటకోసారి, బిడ్డను బయటికి నెట్టే దశలో ఐదు నిమిషాలకోసారి గుండె చప్పుడు వింటుంది. మిగతా సమయమంతా నడవొచ్చు, వంగొచ్చు, నీళ్లలో కూర్చోవచ్చు. లేబర్ వార్డు గదిలో మంచమే మధ్యలో ఉంటుంది. బిడ్డ గుండె చప్పుడును ఆపకుండా నమోదు చేసే సీటీజీ బెల్టులు పొట్టకు కట్టారంటే కదలిక తగ్గుతుంది. కదలిక తగ్గితే నొప్పి ఎక్కువ అనిపిస్తుంది, ఎపిడ్యూరల్ అడుగుతాం. ఎపిడ్యూరల్ ఇస్తే నెట్టే దశ సాగుతుంది, ఫోర్సెప్స్ అవసరం పెరుగుతుంది. ఎవరి తప్పూ ఉండదు, ఒకదాని వెనక ఒకటి వచ్చిపడతాయి.

లేబర్ వార్డుకి వెళ్లినా రిస్క్ లేకపోతే "బెల్టులు వద్దు, డాప్లర్‌తో వినండి" అని అడిగే హక్కు ఉంది. కొన్ని లేబర్ వార్డుల్లో నీళ్ల తొట్టి కూడా ఉంటుంది. గ్యాస్ అండ్ ఎయిర్, అంటే నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సగం సగం కలిపి పీల్చేది, రెండు చోట్లా ఇస్తారు. ఎపిడ్యూరల్ మాత్రం లేబర్ వార్డులోనే.

ఒక సంగతి మర్చిపోకూడదు. ఆవరణలోని బర్త్ సెంటర్‌లో మొదలుపెట్టిన తొలిచూలు తల్లుల్లో కూడా నూటికి 40 మంది లేబర్ వార్డుకి మారారు. ఎక్కువ మంది నొప్పులు ముందుకు సాగకనో, ఎపిడ్యూరల్ కావాలనో. అంటే అక్కడ పేరు రాయించుకున్నంత మాత్రాన అక్కడే కాన్పవుతుందన్న గ్యారంటీ లేదు. కానీ మారాల్సింది ఒక కారిడారో, ఒక లిఫ్టో. నేను దీన్నే ఎంచుకోమనడానికి కారణం అదే.

లేబర్ వార్డే మేలయ్యేది ఎవరికి

కవలలైనా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా, ముందు సిజేరియన్ అయి ఉన్నా, బీపీ పెరిగినా, 37 వారాలలోపే నొప్పులొచ్చినా డాక్టర్లు అందుబాటులో ఉండే చోటే మంచిది. మనవాళ్ల విషయంలో ఎక్కువగా అడ్డొచ్చేది షుగరు. దక్షిణాసియా మూలాలున్న గర్భిణులకు ఆ రిస్క్ ఎక్కువ కాబట్టి 24 నుంచి 28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి పరీక్ష చేస్తారు. ఇక్కడి మిల్లీమోల్ లెక్కలో పరగడుపున 5.6, రెండు గంటల తర్వాత 7.8, ఈ రెంటిలో ఏ ఒక్కటి తాకినా గర్భంతో వచ్చిన షుగర్ అంటారు. మన మిల్లీగ్రాముల లెక్కలోకి మార్చాలంటే 18తో గుణించండి, సుమారు 100, 140. ఆహారంతో అదుపులో ఉంటే కొన్ని చోట్ల బర్త్ సెంటర్‌కి ఒప్పుకుంటారు. మందులో ఇన్సులినో మొదలైతే సాధారణంగా ఒప్పుకోరు. 40 వారాల 6 రోజులు దాటనివ్వరు కాబట్టి నొప్పులు తెప్పించే మాట కూడా వస్తుంది. అందుకే ఆ పరీక్షకి ముందే మూడు పూటలా తెల్లన్నాన్ని కాస్త తగ్గించుకోవడం తెలివైన పని.

రిపోర్టులన్నీ బాగున్నా నొప్పి తలచుకుంటేనే వణుకు పుట్టేవాళ్లు, మొదటి నుంచీ ఎపిడ్యూరల్ కావాలనుకునేవాళ్లు నేరుగా లేబర్ వార్డుకే వెళ్లాలి. అందులో మొహమాటం ఏమీ లేదు.

"ఎలాగైనా నార్మలే" అనే పట్టుదల ఎంత దూరం వెళ్లగలదో ఇంగ్లండ్ చూసింది. ష్రూస్‌బరీ, టెల్‌ఫర్డ్ ఆసుపత్రుల మీద విచారణ జరిపిన మిడ్‌వైఫ్ డోనా ఓకెండెన్ 2022 మార్చిలో ఇచ్చిన నివేదిక, మంచి వైద్యం అంది ఉంటే 201 మంది బిడ్డలు బతికి ఉండేవాళ్లని, బతికే అవకాశం ఉండేదని తేల్చింది. సిజేరియన్లు తక్కువగా ఉంచాలనే ధోరణి కూడా అక్కడి లోపాల్లో ఒకటని చెప్పింది. మిడ్‌వైఫ్‌ల రాయల్ కాలేజీ అంతకు ముందే, 2017లో, తన నార్మల్ బర్త్ ప్రచారాన్ని ఆపేసింది. సిజేరియన్ల శాతాన్ని బట్టి ఆసుపత్రుల పనితీరు కొలవొద్దని ఎన్‌హెచ్‌ఎస్ కూడా 2022లోనే చెప్పింది. కాబట్టి బిడ్డ కదలికలు తగ్గినట్టనిపిస్తే, రక్తం కనబడితే, ఉమ్మనీరు పచ్చగా వస్తే "నార్మల్ ప్లాన్ పాడవుతుందేమో" అని ఫోన్ చేయడానికి తటపటాయించకండి. మాట సరిగ్గా అందడం లేదనిపిస్తే ఎన్‌హెచ్‌ఎస్‌లో దుబాసీని ఉచితంగా ఇస్తారు, తెలుగు కావాలని ముందే చెప్పి రాయించుకోవచ్చు.

పుట్టింటికి వెళ్తే?

పుట్టింటి బలం కాన్పు తర్వాతే తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో నార్మల్ అయిన తల్లిని చాలాసార్లు మర్నాటికే, ఒక్కోసారి అదే రోజు ఇంటికి పంపేస్తారు. మిడ్‌వైఫ్ ఇంటికొచ్చి చూస్తుంది కానీ పథ్యం వండిపెట్టదు, రాత్రి బిడ్డను ఎత్తుకోదు. పుట్టింట్లో అమ్మ, అమ్మమ్మ, నీళ్లు పోసే మనిషి, కారప్పొడి, వేడన్నం అన్నీ ఉంటాయి.

నార్మల్ డెలివరీ అవకాశం మాట వేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే తెలంగాణలో 81.5, ఆంధ్రలో 63. విదేశాల నుంచి వచ్చిన అమ్మాయి వెళ్లేది ఎక్కువగా ప్రైవేటుకే. మిడ్‌వైఫ్‌లతో నార్మల్ కాన్పులు చేయించే ఆసుపత్రులు హైదరాబాద్‌లో లేకపోలేదు. తెలంగాణ ప్రభుత్వం కూడా నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఇప్పించింది. కానీ అలాంటి చోటు మీ ఊళ్లో ఉందా? డాక్టరుని "తొలి కాన్పుల్లో మీ దగ్గర నూటికి ఎంతమందికి ఆపరేషన్ అవుతుంది?" అని ఫోన్‌లోనే అడగండి. అంకె చెప్పకుండా "అంతా దేవుడి దయ" అంటే అర్థం చేసుకోవచ్చు. భర్తను లేబర్ రూంలోకి రానిస్తారా అని కూడా అడగండి, ఇంగ్లండ్‌లో అది అడగాల్సిన విషయమే కాదు. ఇంట్లో పెద్దవాళ్లు ముహూర్తం మాటెత్తితే ఏం చెప్పాలో ఆలుమగలు విమానం ఎక్కకముందే అనుకోవాలి.

విమానాలకూ గడువుంది. మామూలుగా 28 వారాల నుంచి డాక్టరు చీటీ అడుగుతారు, 36 దాటితే ఎక్కించుకోరు. డబ్బు కోణంలో చూస్తే, వర్క్ వీసా మీద ఉన్నవాళ్లలో చాలామంది పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున హెల్త్ సర్‌ఛార్జ్ ముందే కట్టి ఉంటారు, ఎన్‌హెచ్‌ఎస్‌లో కాన్పుకి వేరే బిల్లు రాదు. అన్నిటికన్నా పెద్దది పౌరసత్వం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఇక్కడ శాశ్వత నివాసం వచ్చి ఉంటే, ఇంగ్లండ్‌లో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే బ్రిటిష్ పౌరుడు. అదే బిడ్డ గుంటూరులో పుడితే కాదు, ఇక్కడికి రావడానికి వీసా కావాలి. ఇద్దరూ వర్క్ వీసా మీదే ఉంటే ఎక్కడ పుట్టినా పుట్టుకతో బ్రిటిష్ అవ్వడు, అప్పుడు ఈ లెక్క పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

నన్నడిగితే కాన్పు ఇక్కడ పెట్టుకుని అమ్మనే పిలిపించుకోవడం మేలు. విజిటర్ వీసాకి ఆరు నెలల గడువుంటుంది. నెలలు నిండే లోపు వచ్చేలా చూసుకుంటే బాలింత రోజులన్నీ ఆమె చేతి మీదుగా గడుస్తాయి. అమ్మ రాలేని పరిస్థితి, ఇక్కడ చూసేవాళ్లెవరూ లేరు, అక్కడ నమ్మకమైన డాక్టరు ఉన్నారు అనుకుంటే పుట్టిల్లే సరైనది.

ప్లాన్ కాగితంలో

కాన్పు ఎలా జరగాలనుకుంటున్నామో రాసిచ్చే బర్త్ ప్లాన్ ఒక్క పేజీ దాటితే డ్యూటీ మారిన మిడ్‌వైఫ్‌కి చదివే తీరిక ఉండదు. నొప్పికి ఏది ముందు, ఏది తర్వాత, ఏ పరిస్థితిలో లేబర్ వార్డుకి మారడానికి సిద్ధం, పక్కన ఎవరుంటారు. ఈ మూడూ పైన రాయండి. బొడ్డుతాడు నిమిషం ఆగాకే కత్తిరించడం, బిడ్డను వెంటనే గుండెల మీద వేయడం ఇక్కడ ఎలాగూ మామూలు పద్ధతే. వాటికన్నా మనం రాయాల్సింది చీలిక గురించి. ఇక్కడ తొలి నార్మల్ కాన్పుల్లో నూటికి ఆరుగురికి మలద్వారపు కండరం దాకా చీలిక వస్తుంది, ఆసియా మూలాలున్నవాళ్లకి ఆ అవకాశం ఇంకా ఎక్కువ. 35వ వారం నుంచి యోనికీ మలద్వారానికీ మధ్య భాగంలో నూనెతో మసాజ్ చేసుకోవడం, తల బయటికొచ్చేటప్పుడు వేడినీళ్లలో తడిపిన గుడ్డ అద్దమని అడగడం ఉపయోగపడతాయి.

నొప్పులు మొదలవగానే పరిగెత్తి వెళ్తే, గర్భాశయ ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకోలేదంటూ ఇంటికి పంపుతారు. బాధపడొద్దు. తొందరగా వెళ్లి మంచం ఎక్కినకొద్దీ మందులూ డ్రిప్పులూ పెరుగుతాయి. పారాసెటమాల్, వేడినీళ్ల స్నానం, ఇష్టమైన తిండి, వీలైనంత నిద్రతో ఇంట్లోనే ఉండి ఆసుపత్రి ప్రసూతి విభాగం సలహాకి ఇచ్చే ట్రయేజ్ నంబరుకి ఫోన్ చేస్తూ ఉండండి. ఆ ఫోన్‌లోనే "బర్త్ సెంటర్ ఇవాళ తెరిచే ఉందా?" అని అడగండి. మిడ్‌వైఫ్‌లు చాలని రోజు దాన్ని మూసేసి అందరినీ లేబర్ వార్డుకి పంపే ఆసుపత్రులున్నాయి. గదులు చూపించే రోజున, పోయిన నెలలో అలా ఎన్నిసార్లు మూశారో అడిగి తెలుసుకోండి. జవాబు నచ్చకపోతే పక్క ఊరి ఆసుపత్రిలో పేరు రాయించుకోవడానికి అడగొచ్చు.