ఎస్‌జీపీటీ, ఏప్రీ, ఫిబ్-4: హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల లివర్‌ను చూడటానికి ఏ పరీక్ష మేలు?

"ఎస్‌జీపీటీ నార్మల్ వచ్చింది, ఇక లివర్ గురించి టెన్షన్ లేనట్టే కదా?" ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి) వాడేవాళ్లు నన్ను పదే పదే అడిగే మాట ఇది. అవునని చెప్పలేను.

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే ఎంజైముల అంకెలు లివర్ కణాలు ఇప్పుడు దెబ్బ తింటున్నాయా అన్నది చెబుతాయి. కొత్త మందు మొదలుపెట్టినప్పుడు అది తెలియాల్సిందే. నెవిరపిన్ అనే హెచ్‌ఐవీ మందు వల్ల మొదటి వారాల్లో లివర్ దెబ్బతింటే ముందుగా పెరిగేవి ఇవే. కానీ హెపటైటిస్ బి, సి, మద్యం, ఫ్యాటీ లివర్ లాంటివి ఏళ్ల తరబడి లోపల మచ్చ కట్టిస్తూ పోతాయి. దాన్నే ఫైబ్రోసిస్ అంటారు. అది ఎంత పేరుకుందో ఎస్‌జీపీటీలో కనపడదు. సిర్రోసిస్ (మచ్చ బాగా ముదిరి లివర్ గట్టిపడటం) ఉన్నవాళ్లకూ అది నార్మల్‌గా రావచ్చు. నా దృష్టిలో అసలు తేల్చుకోవాల్సింది ఈ మచ్చ సంగతే.

అందుకే నేను ఫిబ్-4 వైపు, అంటే మామూలు రక్తపరీక్షల అంకెలతో మచ్చను అంచనా వేసే లెక్క వైపు మొగ్గుతాను. 2006లో ఈ లెక్కను తయారుచేసిందే హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి రెండూ ఉన్నవాళ్ల వివరాలతో. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్లతోనూ ఎస్‌జీపీటీ వర్గమూలంతోనూ భాగించాలి. ఒక రిపోర్టు తీసుకుందాం: వయసు 50, ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 2 లక్షలు. లెక్కలో ప్లేట్‌లెట్లను వేలల్లో, అంటే 200గా వేయాలి. పైన 2000, కింద 1200. జవాబు 1.67. విడివిడిగా చూస్తే ఏ అంకె కిందా ఎర్రగీత పడదు, కానీ ఫిబ్-4 మాత్రం 1.45 దాటింది. 1.45 లోపు ఉంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 3.25 దాటితే ఎక్కువ. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ (లివర్ గట్టిదనాన్ని కొలిచే స్కాన్) లాంటి పరీక్షతో తేల్చుకోవాలి. అదే మనిషికి ప్లేట్‌లెట్లు 1.2 లక్షలకు పడిపోతే జవాబు 2.78 అవుతుంది.

ప్లేట్‌లెట్లకు అంత బరువు ఎందుకంటే, లివర్ గట్టిపడేకొద్దీ దానిలోకి రక్తం తెచ్చే నాళంలో ఒత్తిడి పెరుగుతుంది, ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లు అక్కడే చిక్కుకుపోతాయి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు జాగ్రత్తపడాల్సిందీ ఇక్కడే. వైరస్ అదుపులో లేకపోతే లివర్ బాగానే ఉన్నా ప్లేట్‌లెట్లు తగ్గవచ్చు. అప్పుడు ఫిబ్-4 ఉత్తపుణ్యానికి పెరిగి భయపెడుతుంది. మందులు పనిచేసి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే అంకె) అణిగాక వచ్చిన అంకెనే నేను నమ్ముతాను. అలాగే ముందురోజు జిమ్‌లో గట్టిగా బరువులెత్తితే కండరాల నుంచీ ఎస్‌జీఓటీ రక్తంలోకి వస్తుంది. ఆ రిపోర్టుతో లెక్క వేయకండి.

ఫిబ్-4కి వయసుతో ఇబ్బంది ఉంది. 35 లోపువాళ్లలో అంత నమ్మకంగా పనిచేయదు. 65 దాటినవాళ్లలో మచ్చ లేకపోయినా పెరుగుతుంది, అందుకే వాళ్లకు కింది హద్దును 2గా చూస్తారు. ఏప్రీ అనే ఇంకో లెక్కలో ఈ తంటా లేదు, ఎస్‌జీఓటీ, ప్లేట్‌లెట్లు ఉంటే చాలు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు డబ్ల్యూహెచ్‌ఓ 2024 మార్గదర్శకాలు చెప్పింది కూడా దీన్నే, 0.5 హద్దుగా. కానీ పై రిపోర్టుకు ఏప్రీ వేస్తే, ల్యాబ్‌లో ఎస్‌జీఓటీ పై హద్దు 40 అయితే, సరిగ్గా 0.5 దగ్గర ఆగుతుంది, హద్దు దాటదు.

ఇక బిలిరుబిన్, అంటే రక్తంలోని పసుపు పదార్థం. అటాజనవిర్ అనే హెచ్‌ఐవీ మందు వాడేవాళ్లకు లివర్ చెడకుండానే అది పెరుగుతుంది, కళ్లు పచ్చబడతాయి. జీజీటీ అనే ఇంకో ఎంజైమును మద్యమూ పెంచుతుంది, కొన్ని మందులూ పెంచుతాయి. ఈఎల్‌ఎఫ్ అనే పరీక్ష మచ్చకు సంబంధించిన పదార్థాలనే నేరుగా కొలుస్తుంది, మంచిదే, కానీ విడిగా చేయించాలి.

వయసు కాక ఫిబ్-4కి కావాల్సిన మూడు అంకెలూ మామూలు ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్ష), సీబీసీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టుల్లోనే ఉంటాయి. రెండింటికీ ఒకే రోజు రక్తం ఇవ్వండి. పాత రిపోర్టులు పారేయకుండా వాటికీ లెక్క వేసి పక్కన రాసుకుని డాక్టర్‌కు చూపించండి. మూడేళ్ల కిందట 1.1 ఉన్నది ఇప్పుడు 1.67 అయితే, అది అప్పుడూ ఇప్పుడూ 1.67గానే ఉండటం లాంటిది కాదు.