కోసోంగ్ రెండు, సంబల్ వద్దు

మా ఫ్లాట్ల కింద ఉన్న మామక్ కొట్టుకి ఎన్ని స్టార్లు ఇస్తారని ఆఫీసులో కొత్తగా చేరిన హైదరాబాద్ అమ్మాయి అడిగింది. ఎన్ని గంటలకి అన్నాను. ఆమె నవ్వింది గానీ నేను జోకు వెయ్యలేదు. అది 24 గంటలూ తెరిచి ఉండే కొట్టు. పొద్దున్న ఆరున్నరకి పెనం దగ్గర నిలబడే చెయ్యి వేరు, మధ్యాహ్నం అన్నం పెట్టే చెయ్యి వేరు, రాత్రి పదకొండుకి టీ తిరగబోసే చెయ్యి వేరు. బోర్డు మీద పేరు మాత్రం ఒక్కటే. నా లెక్కలో పొద్దున్నకి ఐదు, మధ్యాహ్నానికి రెండున్నర, రాత్రికి నాలుగు.

పేరు రాయను. బిల్లు దగ్గర జరిగిన గొడవ కూడా చెప్పబోతున్నాను కాబట్టి. రేపు పొద్దున్నే మళ్ళీ వాళ్ళ మొహం చూడాల్సిన దాన్ని. అయినా కౌలాలంపూర్ పక్కనున్న ఈ పెటాలింగ్ జయలో ఉండేవాళ్ళకి పేరుతో పనేముంది, ప్రతి దుకాణాల వరసకీ చివర్లో ఇలాంటిది ఒకటి ఉంటుంది.

తెలియనివాళ్ళకి ఒక్క మాట. మామక్ అంటే మలేషియాలో తమిళ ముస్లింలు నడిపే హోటల్. ఆ మాట తమిళంలోని ‘మామా’ నుంచి వచ్చిందంటారు. అంటే మన మామే. అక్కడ మలయ్ వాళ్ళు, చైనీయులు, తమిళులు, మాలాంటి వలసపక్షులు అందరూ ఒకే స్టీలు బల్ల మీద మోచేతులు ఆనించి తింటారు.

నాది శ్రీకాకుళం. ఇక్కడికొచ్చి పదకొండేళ్ళు. మొదటి నాలుగేళ్ళు సైబర్‌జయలో నైట్ షిఫ్ట్. పొద్దున్న ఆరింటికి కంపెనీ వ్యాన్ దించేసరికి కళ్ళు మండుతుండేవి, పైకెళ్ళి వండుకునే ఓపిక ఉండేది కాదు. అలా మొదలైంది ఈ కొట్టుతో నా ఖాతా. అప్పట్లో రోటీ ఒక రింగిట్ 10 సెన్లు. ఇప్పుడు 1.80. రింగిట్ అంటే 20 రూపాయల పైచిలుకు అనుకోండి, అందులో నూరో వంతు సెన్.

ఇక్కడ ఏడు దాటేదాకా సరిగ్గా తెల్లారదు. ఆ చీకట్లో కొట్టులో ట్యూబ్‌లైట్ల కింద యూనిఫారాల్లో బడిపిల్లలు మైలో అనే చాక్లెట్ పానీయం తాగుతుంటారు, డెలివరీ కుర్రాళ్ళు హెల్మెట్లు కుర్చీల మీద పెట్టుకుని తింటుంటారు. వీధి వైపుకి పెట్టిన పెనం దగ్గర ఆ రోటీ మనిషి ఉంటాడు. తమిళనాడు రామనాథపురం జిల్లా వాడు. నన్ను అక్కా అంటాడు, నేను తమిళంలో ‘అన్నే’ అంటాను, అంటే అన్నా అని. ఇద్దరిలో పెద్దెవరో ఇంతవరకూ తేలలేదు.

రోటీ చనాయ్ చెయ్యడం ఒక్కసారైనా దగ్గర నిలబడి చూడాలి. మైదా పిండి రాత్రే కలిపి, నిమ్మకాయలకన్నా కొంచెం పెద్ద ఉండలు చేసి, నూనెలో మునిగేలా ట్రేలో పేర్చి ఉంచుతారు. పిండి నానితేనే సాగుతుంది. ఒక ఉండ తీసి నూనె రాసిన గట్టు మీద అరచేత్తో వత్తుతాడు. అంచు పట్టుకుని గాల్లోకి విసురుతాడు. విసరడం అంటే పైకి ఎగరెయ్యడం కాదు, చాకలి బట్ట ఝాడించినట్టు ముందుకి ఝాడించడం. నాలుగు విసుర్లకి అది చేటంత అవుతుంది, కిందున్న స్టీలు గట్టు మీది గీతలు పిండిలోంచి కనిపిస్తాయి. ఎక్కడా చిరగదు. నాలుగు అంచులూ మడిచి పెనం మీద వేస్తాడు. నాకు అసలు ఇష్టమైనది ఆ తర్వాతి పని. కాలిన రోటీని గట్టు మీద పడేసి రెండు అరచేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు రెండు దెబ్బలు వేస్తాడు. దాంతో పొరలు విడిపోతాయి. ఆ చప్పట్లు లేని రోటీ అట్టముక్కే. చేతులు కాలవా అని అడిగితే అరచేతులు చూపించాడు. నున్నగా, తోలు చెప్పు అడుగులా ఉన్నాయి.

మన దగ్గర పరోటా తినే అలవాటుతో వచ్చినవాళ్ళు మొదట పెదవి విరుస్తారు. ఇది పరోటాకన్నా పల్చన, బయట కరకర, లోపల కొంచెం సాగుతుంది. ఏమీ పెట్టని దాన్ని కోసోంగ్ అంటారు. కోసోంగ్ అంటే మలయ్‌లో సున్నా, ఖాళీ. గుడ్డు కావాలంటే తెలుర్, ఉల్లిపాయ కావాలంటే బావాంగ్, కరకరలాడాలంటే గారింగ్ అనాలి. శంకువులా నిలబెట్టి తెచ్చే రోటీ తిసూ ఫొటోకి బాగుంటుంది, తినడానికి ఒట్టి పంచదార కాగితం. కొత్తవాళ్ళు కోసోంగ్‌తోనే మొదలుపెట్టాలి. కోసోంగ్ బాగోలేని చోట ఇంకేం అడిగినా దండగ.

దీంతో పప్పు ఇస్తారు, చేపల కూర పులుసు ఇస్తారు, సంబల్ అనే ఎర్ర మిరపకాయల ముద్ద ఇస్తారు. పప్పు అంటే మన ముద్దపప్పు ఊహించుకోవద్దు. చింతపండు మర్చిపోయిన పప్పుచారులా ఉంటుంది, క్యారెట్, బంగాళాదుంప, ఒక్కోరోజు వంకాయ తగులుతాయి. మొదటి ఏడాది దాన్ని తిట్టుకుంటూ తిన్నాను. ఒకసారి ఇంటికి పట్టుకెళ్ళి ఇంగువ పోపు కూడా పెట్టాను. రోటీ ముంచితే బాగోలేదు! రోటీలో నూనె, పైన పోపులో నూనె, నోరంతా జిడ్డు. అప్పుడర్థమైంది, ఆ చప్పిడి పప్పు ఆ రోటీ కోసమే పుట్టిందని. సంబల్ మాత్రం ఇప్పటికీ రోటీతో నాకు పడదు. ఎర్రగా ఊరిస్తుంది, కారమనుకుని నోట్లో పెట్టుకుంటే తియ్యగా తగులుతుంది. అందుకే నేను కూర్చోగానే లోపలికి వినిపించే కేక ఒకటే: “కోసోంగ్ రెండు, సంబల్ వద్దు”. ఆ ఒక్క వాక్యం తెలుగులోనే అంటాడు. నేనే నేర్పాను.

అదే సంబల్ నాసి లెమాక్‌లో ఉంటే వేళ్ళు నాక్కుంటాను. అదెలా అని అడక్కండి. బహుశా కొబ్బరిపాల అన్నం కమ్మదనానికి ఆ తీపికారం కావాలేమో. నాసి అంటే అన్నం, లెమాక్ అంటే కొవ్వు. మక్కీకి మక్కీ తెలుగు చేస్తే ‘కొవ్వన్నం’ అవుతుంది, ఎవరూ తినరు. ఈ పొట్లాలు కొట్టువాళ్ళు చేసేవి కావు. రోజూ ఆరింటికి ఒక మలయ్ ఆవిడ స్కూటర్ మీద బుట్టతో తెచ్చి గల్లా పక్కన పెట్టి వెళ్తుంది. అరిటాకు, దాని మీద కాగితం, రబ్బరు బ్యాండు. 2.50. విప్పగానే పాందాన్ ఆకు వాసన కొడుతుంది. అది మన మొగలి జాతి మొక్కే గానీ వాసన మాత్రం బాస్మతి బియ్యానికి దగ్గర. లోపల గుప్పెడన్నం, పావు ముక్క గుడ్డు, మూడు కీర చక్రాలు, నాలుగైదు వేరుశెనగ గుళ్ళు, ఇకాన్ బిలిస్ అనే వేలెడంత ఎండుచేపలు వేయించినవి, మధ్యలో సంబల్. శ్రీకాకుళం దాన్ని కదా, ఎండుచేపకి నాకు పరిచయం అక్కర్లేదు. ఏడున్నర దాటితే బుట్ట ఖాళీ.

నాకు ఈ పొట్లం అలవాటు చేసింది మా మూడో అంతస్తు పెద్దాయన. నేనొచ్చిన కొత్తలో ఫోన్లో అమ్మతో మాట్లాడుతూ తింటుంటే పక్క బల్ల నుంచి “ఏటమ్మా, ఏ ఊరు మీది?” అని వినిపించింది. చేతిలో రోటీ చేతిలోనే ఉండిపోయింది. ఆయన పుట్టింది పేరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్ కొబ్బరి తోటల్లో. వాళ్ళ తాత టెక్కలి వైపు నుంచి కూలీగా ఓడెక్కాడు. బగాన్ దాతుక్ చుట్టుపక్కల అలా వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, మలేషియాలో తెలుగు సంఘం కూడా 1950ల నుంచీ ఉంది. ఆయన ఇండియా ఒక్కసారే చూశారు. కానీ నేను హైదరాబాద్‌లో చదువుకుంటూ సిగ్గుపడి మార్చేసుకున్న యాస ఆయన నోట చెక్కుచెదరకుండా ఉంది. గల్లా మనిషితో తమిళం, పొట్లాల ఆవిడతో మలయ్, ఎదురు కొట్టు చైనీస్ ముసలాయనతో కాంటనీస్, నాతో “ఒగ్గీమ్మా, రేపిద్దువులే”.

2024 డిసెంబరులో మలేషియా పొద్దున్న టిఫిన్ల సంస్కృతిని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. నాసి లెమాక్, రోటీ చనాయ్, తే తారిక్ పేర్లన్నీ పేపర్లో పడ్డాయి. నేను సంబరంగా చదివి వినిపిస్తే ఆయన నములుతూనే “మరిన్నాళ్ళూ మనం ఏటి తింతన్నామనుకున్నారో” అన్నారు.

ఇక మధ్యాహ్నం. పన్నెండుకల్లా రోటీ పెనం ఆర్పేసి కూరల అద్దాల పెట్టె నింపుతారు. నాసి కందార్. ఇది పెనాంగ్ నుంచి వచ్చిన పద్ధతి. కందార్ అంటే భుజాన మోసే బద్ద, అచ్చంగా మన కావడి. పూర్వం ఒక వైపు అన్నం, ఒక వైపు కూరల కుండ వేలాడదీసుకుని రేవు కూలీల మధ్య అమ్మేవారట. ఇప్పుడు కావడి లేదు, అన్నం మీద మనం చూపించిన కూర పెట్టి, నాలుగైదు గిన్నెల్లోంచి గరిటెడు గరిటెడు పులుసు కలిపి పోస్తారు. బాంజిర్ అంటే ఆ పులుసుని వరదలా పారిస్తారు. ఏ పులుసూ విడిగా గొప్పది కాదు, కలిస్తే ఏదో అవుతుంది. మా కొట్టులో ఆ ‘ఏదో’ వారానికి మూడు రోజులే అవుతుంది. మిగతా రోజుల్లో ఉప్పు ఎక్కువ.

గొడవ ఇక్కడే. కూరలకి ధరలు రాసి ఉండవు. గల్లా మనిషి పళ్ళెం వైపు ఒక చూపు చూసి అంకె చెప్తాడు. ఒకరోజు బెండకాయ, గుడ్డు, ఒక సోతోంగ్ (స్క్విడ్) ముక్క పెట్టించుకున్నాను. ఎప్పుడూ పది, పన్నెండు అయ్యేది, 24 రింగిట్లు అన్నాడు. సోతోంగ్ పెద్దది అన్నాడు. పెద్దది పెట్టమని నేనడిగానా? వెనక లైను, ఒకడు ఫోను పట్టుకుని కడదామని చెయ్యి చాస్తున్నాడు. టెన్షన్లో కట్టేసి వచ్చేశాను, మెట్లెక్కుతున్నంతసేపూ తిట్టుకున్నాను. సాయంత్రం పెద్దాయనకి చెప్తే “బెరాపా అని ముందడగాలమ్మా. తిన్నాక అడిగితే ఆడికి బేరమా, నీకు బేరమా” అన్నారు. బెరాపా అంటే ఎంత. మీరూ నేర్చుకోండి. సోతోంగ్, చేప గుడ్లు, పెద్ద రొయ్యలు, ఈ మూడింటి దగ్గర తప్పనిసరిగా.

శాకాహారులకి ఇంకో జాగ్రత్త. పొద్దున్న రోటీతో ఇచ్చే పప్పు వేరు, మధ్యాహ్నం దాల్చా వేరు. దాల్చాలో చాలాచోట్ల మేక ఎముకలు వేసి ఉడికిస్తారు. ఆకుకూర వేపుళ్ళలో బెలాచాన్ అనే రొయ్యల ముద్ద ఉంటుంది. “సాయుర్ సహజా” అంటే కూరగాయలే అని తలూపుతారు, కానీ వాళ్ళ దృష్టిలో రొయ్యల ముద్ద మసాలా కింద లెక్క.

సాయంత్రం గురించి చెప్పడానికేం లేదు. ‘మీ గోరెంగ్’ అనే వేయించిన నూడుల్స్ తియ్యగా ఉంటాయి. వేయించిన కోడి ఎనిమిది లోపు తింటే సరి, తర్వాత అది అద్దాల పెట్టెలో ఎండుతూ ఉంటుంది.

రాత్రి కొట్టు మళ్ళీ లేస్తుంది. కుర్చీలు ఫుట్‌పాత్ మీదకి వస్తాయి, పెద్ద తెర మీద ఫుట్‌బాల్. 2019 నుంచి హోటళ్ళలో సిగరెట్ నిషేధం కాబట్టి మాలాంటివాళ్ళు హాయిగా కూర్చోవచ్చు, కాల్చేవాళ్ళు రోడ్డు అవతల చెట్టు కింద నిలబడి ఆట చూస్తారు. తే తారిక్ అంటే లాగిన టీ. గుడ్డ సంచిలో వడకట్టిన చిక్కటి డికాక్షన్‌లో డబ్బా తియ్యటి పాలు పోసి, రెండు స్టీలు మగ్గుల మధ్య చెయ్యి చాచినంత ఎత్తునుంచి తిరగబోస్తారు. మనం కాఫీని గ్లాసులోంచి డబరాలోకి పోసుకున్నట్టే, కాకపోతే వీళ్ళ డబరా గజం దూరంలో ఉంటుంది. నురగ మూడు వేళ్ళ మందాన నిలబడాలి. రాత్రి కుర్రాడు పోస్తే నిలబడుతుంది, పగటిపూట కుర్రాడు పోస్తే పెదవి తగలకముందే పోతుంది. 2.30. “కురాంగ్ మానిస్”, అంటే తీపి తక్కువ, అనకపోతే పాయసం తాగినట్టే.

రాత్రి నాలుగే ఎందుకిచ్చానంటే ఈ మధ్య బల్లలకి క్యూఆర్ కోడ్‌లు అంటించారు. ఇదివరకు కుర్రాడు కాగితం లేకుండా ఆరు బల్లల ఆర్డర్లు విని ఒకే ఊపులో లోపలికి కేకేసేవాడు, ఒక్కటి తప్పేది కాదు. ఇప్పుడు ఫోనులో నొక్కితే మ్యాగీ గోరెంగ్ బదులు మైలో వచ్చింది, రెండుసార్లు. పెద్దాయన కోడ్ వైపు చూడరు. చెయ్యెత్తి “బోస్!” అంటారు, ఆయన టీ నాకన్నా ముందొస్తుంది.

నేల తడిగా ఉంటుంది, బల్లల కింద పిల్లులు తిరుగుతాయి, టాయిలెట్ ఇంట్లోనే కానిచ్చి రండి. చేతులు కడుక్కునే చోట మాత్రం సబ్బు ఎప్పుడూ ఉంటుంది.

ఇంకోటి, ఇదే ముఖ్యం. రోటీ అన్న చెల్లెలి పెళ్ళికని ఊరెళ్ళాడు. వచ్చే నెల మొదటి వారం దాకా రాడు. బదులుగా పెట్టిన పిల్లాడు మంచివాడే గానీ పిండి సాగకముందే మడిచేస్తున్నాడు, చప్పట్లు అసలే లేవు. అందాకా రోటీ జోలికి పోకండి. ఏడు లోపు వచ్చి పొట్లం తీసుకోండి. ఒకటే మిగిలి ఉంటే అది మూడో అంతస్తు పెద్దాయనది, ముట్టుకోవద్దు.