స్టేడియం బయటి జావ బండి: ఏడు దాటితే కుండ ఖాళీ

గుంటూరు మిర్చి యార్డుకు మే నెలలో ఎండాకాలం సెలవులిస్తారు. కొట్లో లెక్కలు రాసే నాబోటి గుమస్తాకి ఆ సెలవులతోనే చిక్కు. సీజన్లో తెల్లారేసరికి టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య ఉండాలి కాబట్టి లేవడం, నడవడం వాటంతటవే జరిగిపోతాయి. సెలవుల్లో లేపేవాడెవడూ ఉండడు. ఎనిమిదింటికి కళ్ళు తెరిస్తే అప్పటికే గుమ్మంలో నిలబడలేనంత ఎండ, ఇక నడక రేపే. రాత్రి ఆవకాయన్నం, రెండు బంగినపల్లి మామిడిపళ్ళు ఎలాగూ తప్పవు. ఈ ఏడు రోహిణి కార్తెలో కూడా నా నడక ఆగలేదంటే, బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం బయట పెట్టే జావ బండి పుణ్యమే.

బోర్డు, పేరు ఏమీ లేవు. ఒక పెద్దావిడ, ఆవిడ కొడుకు నడుపుతారు. ఐదున్నరకల్లా రెండు మట్టికుండలు దించుతారు, ఒకటి రాగి, ఒకటి కొర్ర. అవి ఖాళీ అవగానే బండి కట్టేస్తారు. ఏడు దాటాక వెళితే ఏమీ మిగలదు. ఇంకో కుండ తెచ్చుకోరాదా పిన్నీ అని అడిగితే, "ఈ ఎండకి పొద్దెక్కేదాకా ఉంచితే పుల్లగా అయిపోద్ది బాబూ, ఎవురు తాగుతారు?" అంది. ఆరున్నరకల్లా రెండు రౌండ్లు పూర్తి చేసి గ్లాసు పట్టుకోవాలన్న తొందర ముందు నా ఫోన్లో అలారం దిగదుడుపే. అలారం నొక్కేసి పడుకోవచ్చు, కుండ నాకోసం ఆగదు.

జావ సంగతికొస్తే, రాగిపిండి రాత్రే నీళ్ళలో కలిపి పెట్టి, తెల్లవారుజామున కాచి, పూర్తిగా చల్లారాకే మజ్జిగ పోస్తారు. ఉండలుండవు, పిండి పచ్చివాసన రాదు, పులుపు నాలుక చివర తగిలీ తగలనట్టు ఉంటుంది. పైన ఉల్లిపాయ తరుగు, కరివేపాకు. గ్లాసు ఇరవై రూపాయలు. కొర్ర జావ మాత్రం పల్చన, దానికి ఇరవై ఎక్కువే అనిపించింది.

నంజుకోవడానికి ఒక చల్లమిరపకాయ ఇస్తారు. తేజ, 334 అనే మిర్చి రకాల ఘాటు రోజంతా పీల్చేవాణ్ణి కదా, మిరపకాయ విషయంలో నన్ను మెప్పించడం కష్టం. ఇది మెప్పించింది. మజ్జిగలో బాగా ఊరి, గలగలలాడేలా ఎండింది, నూనెలో మాడకుండా వేగింది. రెండోది అడిగితే ఐదు రూపాయలు. అడుగుతూనే ఉన్నాను.

రెండు సంగతులు చూసుకోండి. ఉప్పు కుండలోనే కలిపేస్తారు, అదీ కాస్త దండిగానే. చెమట కారేలా నడిచినవాళ్ళకి ఫర్వాలేదు గానీ బీపీ ఉన్నవాళ్ళు ముందురోజే చెబితే విడిగా తీసి ఉంచుతారు. ఇంకొకటి, బండి దగ్గర నిలబడే పెద్దమనుషులు రాగులంటే షుగరుకి మందే అన్నట్టు మాట్లాడతారు. రాగుల్లో కాల్షియం బాగా ఉన్నమాట నిజమే, వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా. కానీ గ్లాసు జావలో పడే పిండి రెండు మూడు చెంచాలు. పైగా మెత్తటి పిండి కాచిన జావ షుగరుని తొందరగానే పెంచుతుంది. మా ఆవిడకి షుగరు ఉంది, అందుకని అరగ్లాసులో మజ్జిగ ఎక్కువ పోయించుకుంటుంది. బెల్లం జావ జోలికి అసలు వెళ్ళదు.

కూర్చోవడానికి చోటు లేదు. ఆదివారం క్రికెట్ ఆడే కుర్రాళ్ళు వచ్చి ఆరున్నరకే రాగి కుండ ఊడ్చేస్తారు. పేపరు కప్పు నానిపోతోంది, స్టీలు గ్లాసు మీరే పట్టుకెళ్ళండి, కొలత కూడా కాస్త ఎక్కువే పోస్తుంది పిన్ని. ఐదుకి నాలుగు చుక్కలు. ఆ ఒక్కటీ కొర్ర జావకి కోశాను.