ఈత రాకపోయినా హావ్‌లాక్‌లో డైవింగ్ చేయొచ్చు

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో డైవింగ్‌కి, అంటే గాలి ట్యాంకు కట్టుకుని సముద్రం లోపలికి దిగడానికి, వంక పెట్టలేను. మా ఆయనకి ఈత రాదు. అయినా ఇన్‌స్ట్రక్టర్ ఆయన ట్యాంకు వదలకుండా పట్టుకుని నీమో రీఫ్ అనే పగడపు దిబ్బ అంతా తిప్పాడు. దిగేకొద్దీ చెవులు నొప్పెడతాయి. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే సర్దుకుంటాయి. టెన్షన్ అంతా మొదట్లోనే. తర్వాత తెల్ల చారల నారింజ చేపలు, వేలెడంత లేవు, మన మీదికే దండెత్తి వస్తుంటే నవ్వాగదు. నవ్వితే మాస్కులోకి నీళ్లు!

రిసార్ట్ సంగతి వేరు. గోడల మీద ఆకుపచ్చ బల్లులు, దారికి అడ్డంగా ఉడుము, అవి నాకిష్టమే. వేడినీళ్లు రాకపోవడం, పప్పన్నానికి అంత రేటు నచ్చలేదు. మొసళ్ల బోర్డు ఉన్నచోట నీళ్లలోకి దిగొద్దు; 2010లో ఈ దీవిలోనే మొసలి దాడిలో ఒక టూరిస్టు ప్రాణం పోయింది. ఇంకోటి, డైవ్ అయ్యాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, టికెట్ అలా చూసుకోండి.